ఎద్దుల జత పెట్టె

ఆ పాత చాప కూడా భోగిమంటలో వెయ్యండిరా. చినిగిన గోనెసంచులు, విరిగిన తట్టలు, ఏమున్నా తెచ్చి పడేయండి. నా పడక్కుర్చీ జోలికి మాత్రం రావద్దు, దానికింకా కాలం ఉంది. ఇట్ల దగ్గరికి జరగండి. ఒకపక్క ఎన్నూరు సముద్రం గాలి, ఇంకోపక్క మంచు. ఏమంటివి పెద్దోడా? "ఇన్ని కట్చిలు ఎందుకు తాతా, మంచి మనిషిని చూసి మనమే ఓటేసుకుంటే పోలా?" అనా? మా నాయన కూడా ఇదే మాట అనేవాడు, 1952లో. ఆయనకు జవాబు దొరికిందో లేదో గానీ, నేను చూసింది చెప్తా వినండి.

మా తాత కాలం నుంచి రావాల. అప్పుడు అందరికీ ఓటు లేదు. శిస్తు కట్టేవాళ్ళకీ, ఇంకొంతమందికీ ఉండేది. మాగాణి ఉంది గనక మా తాత 1937లో ఓటు వేసినాడు. ఒక్కో రంగు పెట్టె ఒక్కొక్కరిదంట. కాంగ్రెసుది పసుపు పెట్టె. పసుపంటే మన ఆడవాళ్ళకు చెప్పాలా, గాంధీ పెట్టె అని పేరే పడిపోయింది. ఎదురుగా జస్టిస్ పార్టీ. అది 1916లో మదరాసులోనే పుట్టింది. పుట్టించినవాళ్ళలో పిట్టి త్యాగరాయ చెట్టి మన తెలుగాయనే. పానగల్లు రాజా, బొబ్బిలి రాజా ఆ కట్చి తరఫున ఈ మదరాసు ప్రెసిడెన్సీని ఏలినారు. బ్రాహ్మణేతరులకు సర్కారు కొలువుల్లో చోటు దొరికింది వాళ్ళ హయాంలోనే, ఆ మేలు కాదనకూడదు. కానీ మన ఊళ్ళో ఆ కట్చి మనిషి ఎవరంటే, మా తాత చాలాసేపు తల గోక్కునేవాడు. ఎవరూ లేరు. రాజావారు మదరాసులో, బంగళాలో. కాంగ్రెసుకో, నాలుగణాలు కట్టి చీటీ తీసుకున్న కుర్రోడు మన వీధిలోనే ఉన్నాడు. ఆ ఏడు బొబ్బిలి రాజానే ఆయన సొంత గడ్డమీద వి.వి.గిరి ఓడించినాడు.

ఇంక 1952. నాకు పదేళ్ళు. ఇరవయ్యొక్కేళ్ళు నిండినోళ్ళందరికీ ఓటు వచ్చేసింది, చదువు లేకపోయినా, సెంటు భూమి లేకపోయినా. సంక్రాంతి రోజుల్లోనే ఎన్నిక. ఇప్పటిలాగా మిషను లేదు, ముద్ర కూడా లేదు. ఓటరు చేతికి ఒక కాగితం ఇస్తారు. చాటుగదిలోకి పోతే వరసగా ఇనప పెట్టెలు, ఒక్కో అభ్యర్థికి ఒక్కోటి, మీద గుర్తు అంటించి ఉంటుంది. నీకు నచ్చిన పెట్టెలో కాగితం వేసి రావడమే. కాంగ్రెసుది కాడి కట్టిన ఎద్దుల జత. ప్రకాశం పంతులుగారుండే ప్రజా పార్టీది గుడిసె. సోషలిస్టులది చెట్టు. కమ్యూనిస్టులది కంకి కొడవలి. మా అవ్వ లోపలికి పోయి ఎద్దుల పెట్టెకు దణ్ణం పెట్టి, కాగితాన్ని చీలికలో వెయ్యకుండా పెట్టె నెత్తిన పెట్టి, దానిమీద చేమంతి పువ్వు పెట్టి వచ్చింది. ఆ ఓటు ఏమయిందో దేవుడికే ఎరుక. ఇంటికొచ్చినాక మా నాయన అడిగినాడు, "అమ్మా, నువ్వు ఓటేసిన ఆయన పేరేమి?" అని. "పేరెందుకురా, ఎద్దులకు వేసినా" అనింది.

దానిమీదే మా నాయనకు కోపం. మనిషిని చూడకుండా బొమ్మకు వెయ్యడమేంది అని. అట్లనే ఆయన ఏ కట్చికీ చెందని పెద్దమనిషికి వేసినాడు. ఫలితాలు వచ్చినాయి. మదరాసు శాసనసభలో 375 చోట్లు, కాంగ్రెసుకు వచ్చింది 152. సగం లేదు. కమ్యూనిస్టులకు 62. ప్రకాశం పంతులు మదరాసు హార్బరులో తాను ఓడిపోయి కూడా, మిగతా కట్చిలన్నిటినీ కూడగట్టి సర్కారు మాకే ఇవ్వండి అన్నాడు. గవర్నరు శ్రీప్రకాశ ఎన్నికల్లో నిలబడని రాజాజీని తీసుకొచ్చి, పెద్దల సభకు నామినేటు చేసి, ముఖ్యమంత్రిని చేసినాడు. అప్పుడు నడిచింది చూడాల బేరం! సొంతంగా గెలిచినోళ్ళు, చిన్న చిన్న కట్చిలోళ్ళు, ఈ పక్క కొందరు, ఆ పక్క కొందరు. వాళ్ళు ఓటరుకు ఇచ్చిన మాట ఒకటి, సభలో చెయ్యెత్తింది ఒకటి. "మీరెందుకు అటు పోయినారు?" అని అడిగేదానికి వాళ్ళకు పైనా ఎవరూ లేరు, కిందా ఎవరూ లేరు. ఆ ఏడు మా నాయన ఇంక మంచి మనిషి మాట ఎత్తలేదు. కోపం మాత్రం పోలేదు.

అదే ఏడు డిసెంబరులో పొట్టి శ్రీరాములుగారు మదరాసులో నిరాహారదీక్షలో పోయినారు. ఆ తరువాత సంగతి మీ పుస్తకాల్లో ఉంటుంది. మీ పుస్తకంలో ఉండనిది మన సంగతి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉండేది గనక అటు పోయింది. మనమేమో పొన్నేరి తాలూకా, చెంగల్పట్టు జిల్లా, ఇటు ఉండిపోయినాము. తెలుగోళ్ళు "మదరాసు మనదే" అంటే, అరవోళ్ళు తిరుపతి దాకా మాదే అనిరి. మ.పొ.శివజ్ఞానం అనే ఆయన, కాంగ్రెసులోనే పెరిగినాయన, 1946లో తమిళ అరసు కళగం అని పెట్టినాడు. ఆయనా, మంగలంకిళార్ అనే అయ్యవారూ తిరుత్తణిలో పోరాటం చేసి జైళ్ళు నింపినారు. అక్కడే మా మేనత్తను ఇచ్చింది, తిరుత్తణి పక్క పల్లెలో. సత్యవేడు పక్క మా చిన్నమ్మ. చిన్నమ్మ ఊరు అప్పుడు మనతోనే, మదరాసులోనే ఉండేది.

తగువు ఏడేళ్ళు సాగింది. తీర్చింది ఎవరంటే, చెప్తే నవ్వుతారు, ఒకే కట్చి. మదరాసులో కామరాజు కాంగ్రెసు, హైదరాబాదులో సంజీవరెడ్డి కాంగ్రెసు, ఢిల్లీలో నెహ్రూ కాంగ్రెసు. మధ్యవర్తిగా హెచ్.వి.పటాస్కర్‌ను కూచోబెట్టినారు. ఆయన ఊరిని లెక్కగా తీసుకుని, ఏ ఊళ్ళో ఏ భాషోళ్ళు ఎక్కువో జనాభా లెక్కల్లో చూసి గీత గీసినాడు. 1959లో చట్టం, 1960 ఏప్రిల్ 1న అమలు. తిరుత్తణి ఇటు వచ్చింది, సత్యవేడు అటు పోయింది. ఒక కట్చే రెండుపక్కలా ఉండబట్టి కత్తులు దూసుకోకుండా తెగింది. అది మంచే. కానీ ఊరోణ్ణి ఓటు పెట్టి అడిగిందీ లేదు. ఇంట్లోవాళ్ళ తగువు ఇంట్లోనే తీర్చుకున్నట్టు తీర్చుకున్నారు, గోడ మాత్రం మా మధ్యన కట్టినారు.

మా మేనత్త మొగుడు, అంటే మా మామ, తిరుత్తణి పక్కన కాంగ్రెసు మనిషి. జెండా కట్టేది ఆయనే, మీటింగుకు బండ్లు తోలేది ఆయనే. మార్చి నెలలో చిత్తూరు జిల్లా కాంగ్రెసు, ఏప్రిల్ వచ్చేసరికి చెంగల్పట్టు జిల్లా కాంగ్రెసు. జెండా అదే. ఎద్దులు అవే. ఇంక ఏమి మారింది అంటారా? అన్నీ మారినాయి. చిత్తూరు ఆఫీసులో మెట్లెక్కితే "ఏమప్పా, బాగుండావా" అనేవాళ్ళు పదిమంది ఉండేవాళ్ళు. చెంగల్పట్టులో ఆయన పేరే ఎవరికీ తెలీదు. అర్జీ అరవంలో రాయాల, ఈయనకు రాయడం రాదు. చెరువు కట్ట పనికోసం చిత్తూరులో ఒక మాటతో అయ్యేది, ఇక్కడ ఎవరిని పట్టుకోవాలో తెలుసుకునేటప్పటికే రెండు వానకాలాలు పోయినాయి. 1955లో ఆంధ్రా శాసనసభకు ఓటేసిన మనిషి, 1962లో మదరాసు శాసనసభకు వేసినాడు. మా చిన్నమ్మది దీనికి తిరగేసిన కత, 1957లో మదరాసుకు, 1962లో ఆంధ్రాకు. మామ అంటుండేవాడు, "కట్చి అంటే జెండా అనుకుంటినిరా, కాదు, నా పేరు తెలిసిన నలుగురు" అని. నేను ఆ మాటను ఇంతకాలం పట్టుకుని చూస్తావుండా. తప్పలేదు.

కామరాజు గురించి ఒక మాట. ఆయన ఊరికే ముఖ్యమంత్రి కాలేదు. 1954లో రాజాజీ దిగిపోతే కాంగ్రెసు శాసనసభ్యులు ఓట్లు వేసి ఎన్నుకున్నారు. పోటీ చేసింది సి.సుబ్రమణ్యం. ఓడించినాక ఆయన్ని మంత్రిగా పెట్టుకున్నాడు కామరాజు. అవతలి వర్గం భక్తవత్సలాన్నీ పెట్టుకున్నాడు. శాసనసభకు పోయేదానికి గుడియాత్తంలో ఉపఎన్నికకు నిలబడినాడు. మళ్ళీ 1963 అక్టోబరు 2న కుర్చీ వదిలేసి కట్చి పనికి పోతానన్నాడు. అదే కామరాజు ప్లాను. మన సంజీవరెడ్డిగారు కూడా 1960లో ముఖ్యమంత్రి పదవి వదిలి కాంగ్రెసు అధ్యక్షుడై ఢిల్లీ పోయినారు. ఇప్పుడు ఎవర్నైనా అడిగి చూడండి, ముఖ్యమంత్రి కుర్చీ వదిలి కట్చి ఆఫీసులో కూచో అని.

అయితే కామరాజు కుర్చీ దిగేటప్పటికే ఆలస్యమయింది. కింద ఇంకొకరు చోటు పట్టేసినారు. డి.ఎం.కె. 1949లో పుట్టింది మదరాసులో, రాయపురంలో రాబిన్సన్ పార్కులో, వానలో. మొదట్లో వాళ్ళు ఎన్నికలకే నిలబడలేదు. 1956లో తిరుచ్చి మహానాడులో రెండు పెట్టెలు పెట్టి, ఒకటి ఎరుపు, ఒకటి నలుపు, ఎన్నికల్లోకి పోదామా వద్దా అని వచ్చినోళ్ళనే ఓటడిగినారు. పోదాం అని తేలింది. నాయకుడు ఒకడు అనుకుంటే సరిపోయేదే గదా? అయినా అడిగినారు. నాకు వాళ్ళ మాటలన్నీ నచ్చినాయని కాదు. దేవుణ్ణి తిట్టే మీటింగు నుంచి మా అవ్వ చెవులు మూసుకుని వచ్చేసింది. ఆ పెట్టెల సంగతి మాత్రం నాకు నచ్చింది.

మన ఊళ్ళో వాళ్ళు వచ్చిన తీరు చూడండి. టీ అంగడి పక్కన తాటాకు పాక వేసి పడిప్పగం, అంటే పేపర్లు చదివే చోటు, పెట్టినారు. ఒక బల్ల, రెండు బెంచీలు, నాలుగు పేపర్లు. ఉప్పు కయ్యల్లో పని చేసొచ్చినోళ్ళకు చదువు రాదు, ఒకడు గట్టిగా చదివేవాడు, పదిమంది వినేవాళ్ళు. సినిమా కబుర్లతో మొదలుపెట్టి బియ్యం ధరలో తేలేవాడు. ఆ చదివేవాడే కిళై కార్యదర్శి, అంటే ఊళ్ళో కట్చి శాఖకు కార్యదర్శి. మన తెలుగు వీధి పిల్లోడు! ఇంట్లో తెలుగు, గడప దాటితే రెండూ, వేదిక ఎక్కితే అచ్చమైన అరవం. "ఒరేయ్, నువ్వు ద్రావిడనాడు అంటావు, మీ అమ్మ నిన్ను తెలుగులోనే గదరా తిట్టేది" అని మేము ఎగతాళి చేస్తే నవ్వేవాడే గానీ కోపం తెచ్చుకునేవాడు కాదు. మా మామకు చెంగల్పట్టులో దొరకనిది మా వీధికి వీడి రూపంలో దొరికింది.

వాడు చేసే పని మీటింగులో కనపడేది కాదు. ఓటర్ల జాబితా వచ్చినప్పుడు ఇల్లిల్లూ తిరిగి, చచ్చినోళ్ళ పేరు కొట్టించి, కొత్త కోడళ్ళ పేరు ఎక్కించేవాడు. ఎవరికైనా జబ్బు చేస్తే స్టాన్లీ ఆస్పత్రికి రైల్లో తోడు పోయేవాడు. ఆఫీసుకు అర్జీ రాసిచ్చేవాడు. రాత్రిళ్ళు సున్నంతో గోడలమీద వాళ్ళ కట్చి గుర్తు ఉదయసూర్యుణ్ణి గీసేవాడు. కిళై పైన ఒన్రియం, అంటే కొన్ని ఊళ్ళకు కలిపి ఒకటి, దానిపైన జిల్లా, ఆపైన పొదుక్కుళు, అంటే కట్చి మొత్తానికి పెద్ద సభ. ఊళ్ళో సంగతి వాడు పైకి మోసేవాడు, పైనుంచి వచ్చిన మాట కిందికి తెచ్చేవాడు. అదే కాలంలో మన ఊరి కాంగ్రెసు పెద్దాయన ఇంటి అరుగుమీద కూచుని, జనం తనదగ్గరికి రావాలని చూస్తావుండేవాడు. మంచి మనిషే. లేచి నడిచింది లేదు.

1965లో హిందీ గొడవ, ఆపైన బియ్యం కరువు, 1967 ఎన్నిక. నా మొదటి ఓటు. పెట్టెల వరస పోయి, కాగితంమీద ముద్ర వేసే పద్ధతి అప్పటికి వచ్చేసింది. రూపాయికి మూడు పడుల బియ్యం అని వాళ్ళ మాట. ఎం.జి.ఆర్. గొంతులో గుండు దిగి ఆస్పత్రిలో ఉంటే, ఆ కట్టుకట్టిన బొమ్మే ఊరూరా పోస్టరు. విరుదునగర్‌లో కామరాజు ఒక విద్యార్థి నాయకుడి చేతిలో ఓడినాడు. మన పక్కనే శ్రీపెరుంబుదూరులో ముఖ్యమంత్రి భక్తవత్సలమే ఓడినాడు. సినిమా గెలిపించింది అన్నారు, బియ్యం గెలిపించింది అన్నారు. నేను బూతు దగ్గర నిలబడి చూసినా గదా, మా కిళై పిల్లోడు జాబితా చేతిలో పట్టుకుని, ఎవరు వచ్చినారు, ఎవరు రాలేదు అని పేరుపేరునా గీత పెట్టుకుంటా, రాని ముసలోళ్ళకు మనిషిని పంపిస్తా ఉన్నాడు. గెలిచినాక మూడు పడులు రాలేదు లెండి. మదరాసులో, కోయంబత్తూరులో ఒక పడి ఇచ్చినారు.

అంత పెద్ద మనుషుల కట్చిలు ఏమయినాయో చెప్తే బాధేస్తుంది. ప్రకాశం పంతులుగారి ప్రజా పార్టీ ఎక్కడ? రంగాగారి కృషికార్ లోక్ పార్టీ ఎక్కడ? 1955లో రెండూ కాంగ్రెసుతో కలిసి నిలబడినాయి, ఆ తరువాత కనపడలా. రంగాగారు, రాజాజీ కలిసి 1959లో స్వతంత్ర పార్టీ పెట్టినారు, నక్షత్రం గుర్తు. 1962 ఉపఎన్నికలో చిత్తూరు నుంచి రంగాగారు పార్లమెంటుకు గెలిచినారు కూడా. మా చిన్నమ్మ ఇంట్లో ఆ నక్షత్రం జెండా చాన్నాళ్ళు ఉండేది. 1974లో ఆ కట్చి ఇంకోదాంట్లో కలిసిపోయింది. తమిళ అరసు కళగం మ.పొ.శివజ్ఞానం 1967లో ఉదయసూర్యుడి గుర్తుమీదే నిలబడి గెలిచినాడు. ఇంకొకరి గుర్తు అడిగి తెచ్చుకున్నాక సొంత కట్చికి ఓటడిగేదేముంది? పెద్ద తలకాయలకు కొదవలేదు వీళ్ళల్లో. రంగాగారి అంతటి చదువరి యాడ దొరుకుతాడు? వాళ్ళకు లేనిది మా టీ అంగడి పక్క పాక.

గుర్తు పోవడమంటే ఏమిటో మా అవ్వను చూస్తే తెలిసింది. 1969లో కాంగ్రెసు రెండుగా చీలింది. ఇందిరమ్మ ఒకపక్క, కామరాజు, నిజలింగప్ప ఒకపక్క. ఎద్దుల జత ఎవరికీ లేకుండా పోయింది. 1971లో ఇందిరమ్మది ఆవు దూడ, కామరాజు పక్కది రాట్నం వడికే ఆడమనిషి. మా అవ్వకు చూపు మందగించింది. బూతులో అధికారిని అడిగిందంట, "నాయనా, నా ఎద్దులు యాడ?" అని. ఆయన చెప్పకూడదు. ఆమె ఓటు వెయ్యకుండానే వచ్చేసింది. ఇరవై ఏళ్ళ కాపురం ఆమెకు ఆ ఎద్దులతో.

తరువాతవి మీకు తెలిసినవే, గబగబా చెప్పేస్తా. 1972లో ఎం.జి.ఆర్. వేరుపడి అన్నా డి.ఎం.కె. పెట్టినాడు. రాత్రికి రాత్రి కట్చి ఎట్ల వచ్చింది అనుకున్నారు అందరూ. ఊరూరా ఆయన రసికర్ మన్రాలు, అంటే అభిమాన సంఘాలు, ఎప్పటినుంచో ఉన్నాయి, బోర్డు మార్చినారు, అదే కిళై అయిపోయింది. పదేళ్ళకు ఎన్టీఆర్ కూడా, 1982 మార్చి 29న హైదరాబాదులో. 1983 జనవరిలో 201 చోట్లు. సత్యవేడు నుంచి మా చిన్నమ్మ కొడుకులు పసుపు చొక్కాలు వేసుకుని వచ్చి, "అన్నా, ఇంక మీరూ మా పక్కకే వచ్చేయండి" అని ఒకటే సంబరం. ఆ ఏడే ఇద్దరు సినిమా ముఖ్యమంత్రులు కూచుని తెలుగుగంగ ఒప్పందం రాసుకున్నారు. కండలేరు నుంచి సత్యవేడు పక్కగా పూండికి కృష్ణా నీళ్ళు చేరేసరికి 1996 అయింది. 1960లో గోడ కట్టిన చోటే కాలువ పారింది.

1984లో ఎన్టీఆర్‌నే ఆయన కట్చిలోవాళ్ళు చీల్చి దించేసినారు, నెలకు మళ్ళీ ఎక్కినాడు. మరుసటేడు ఫిరాయింపుల చట్టం వచ్చింది. కట్చి మారితే పదవి పోతుంది. మా నాయన బతికుంటే సంతోషించేవాడు. నాకు సగమే సంతోషం. ఇప్పుడు ఎమ్మెల్యే కట్చి మాట దాటి చెయ్యెత్తలేడు. ఆ కట్చి మాట ఎవరిది? కట్చిలో అందరూ కూచుని తేల్చిందైతే సరే. నాయకుడు ఒక్కడిదైతే? 1989 నుంచి కట్చి పేరుమీద ఎన్నికల్లో నిలబడాలంటే ఎన్నికల సంఘం దగ్గర రాజ్యాంగానికి కట్టుబడతామని రాసిచ్చి నమోదు చేసుకోవాల. కట్చి లోపల ఎన్నికలు జరిగినాయని కూడా కాగితాలు పోతాయి. ఎక్కువ కట్చిల్లో గెలిచేది ఎవరో నామినేషను వేసే ముందే అందరికీ తెలుసు. మా మామ ఉంటే, ఆ ఎన్నిక ఏ ఊళ్ళో జరిగిందో చూపించు అనేవాడు.

ఏమే అమ్మణ్ణీ, నిద్ర వస్తాందా? ఇంకొక్కటే. పెద్దోడా, నువ్వడిగిన కట్చి లేని ఎన్నిక మన ఊళ్ళో ఉండనే ఉంది. పంచాయతీ ప్రెసిడెంటుకు, వార్డు మెంబరుకు కట్చి గుర్తు ఇవ్వరు. ఆటో అనీ, బీగం అనీ ఏవో ఇస్తారు. మింజూరు ఒన్రియం కౌన్సిలరుకు మాత్రం కట్చి గుర్తే. మరి మన ప్రెసిడెంట్లు ఎవరి మనుషులో ఎవరికి తెలీదు? పాలు తాగే బిడ్డకూ తెలుసు. ఒకసారి మన వీధి కాలువ పూడిపోతే ప్రెసిడెంటు దగ్గరికి పోతిమి. "నాకు ఏ కట్చీ లేదు పెద్దాయనా, నా మాట ఎవరు వింటారు?" అన్నాడు. కట్చి గుర్తుతో గెలిచిన కౌన్సిలరు దగ్గరికి పోతిమి. ఆయన పలికిందీ లేదు. అప్పుడు నేను ఆయన కట్చి కిళై కార్యదర్శి ఇంటికి పోయి కూచుంటి. "వచ్చే ఎన్నికకు జాబితా పట్టుకుని మా వీధికి ఎట్ల వస్తావో చూస్తా" అంటి. వాడు ఒన్రియం కార్యదర్శికి ఫోను కొట్టినాడు, ఆయన కౌన్సిలరుకు కొట్టినాడు. కాలువ తవ్వేదానికి మనుషులు వచ్చినారు. కట్చి గుర్తు లేని ప్రెసిడెంటు మీద ఎవరికి ఫోను కొడితే మావాడే అని ఒప్పుకుంటారో నాకు ఈ రోజుకీ తెలీదు.